ఏడో డబ్బా

మిండెలో రేవులో సినిమా ఓడ దిగేది
మొక్కజొన్న బస్తాల పక్కన, కిరసనాయిలు పీపాల పక్కన,
రేకు డబ్బాల్లో చుట్ట చుట్టుకుని.
ఆ నెల ఏడు రావాలి. ఆరే దిగాయి.
ఏడోది డకార్ పోయిందన్నాడు గుమాస్తా,
సముద్రం మీదికి వేలు చూపించి,
అదేదో పక్కవీధి అయినట్టు.

మా నాన్న ఇపోలితు ప్రొజెక్టర్ తిప్పేవాడు.
నేను టికెట్లు చింపేదాన్ని. పదకొండేళ్ళు నాకు.
"ఆరింటితోనే ఆడిద్దాం," అన్నాడు నాన్న,
"వానే సగం పడి ఆగిపోయే ఊళ్ళో
సినిమా సగం పడితే ఏం?"

కథ గుర్తుంది. లైట్‌హౌస్ కాపరి పెళ్ళాం.
పడవలో వచ్చిన పరాయివాడు.
ఆరో రీలు చివర ఆమె మెట్ల మధ్య నిలబడుతుంది,
ఒక చేతిలో లాంతరు, ఒక చేతిలో చెప్పులు.
పైకా? కిందికా?
అక్కడ తెర తెల్లబోయేది.
జనం బెంచీలు బాదేవాళ్ళు,
డబ్బు తిరిగిమ్మని కాదు,
ఆమె ఏమైందో చెప్పమని.

మంగలి వాల్దెమీరు మూడు రాత్రులు వరసగా చూశాడు.
నాలుగోనాడు ఒకడికి సగం గడ్డం గీసి
మిగతా సగం మీద నురగ ఆరిపోతుండగా
గిటారు అందుకున్నాడు.
(ఆ సగం గడ్డం మా చిన్నాన్నది.
పాటలో తనకూ వాటా ఉందని
పోయేదాకా చెప్పుకున్నాడు.)

మోర్నా కట్టాడు. చీలమండల లోతు నీళ్ళలో
నడిచినట్టు నడిచే పాట.
పాటలో ఆమె దిగింది.
లాంతరు ఆర్పలేదు. ఇసకలోకొచ్చాక చెప్పులు తొడుక్కుంది.
పరాయివాడి దగ్గరికి పోలేదు, మొగుణ్ణి పిలవలేదు,
తెల్లారుతుంటే రేవులో చేపలమ్మే ఆడవాళ్ళ మధ్య కూర్చుని
నాకూ ఒక తట్ట ఇవ్వండమ్మా అంది.

వారం తిరక్కుండా పాట ఊరి నోట్లో పడింది.
ఎర్మెలిందా సారాకొట్లో పాడింది.
చాకిరేవులో పాడారు. ఒక శవం వెనక కూడా పాడారు,
ఎందుకో నాకు తెలీదు.
చేపల ఫెలిస్మీనా నడుం మీద చెయ్యేసి
"నా పక్కనే కూర్చుంటుంది. బేరం చేతకాదు పాపం," అనేది.

నాలుగు నెలలకి వచ్చింది ఏడో డబ్బా,
తుప్పుతో, మూత మీద ఎవరిదో కాఫీకప్పు మరకతో.
ఊరు ఊరంతా దిగింది. నేను చింపిన కాగితం గంపెడు.
దీపాలార్పారు.
తెర మీద ఆమె
పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

ఒక మెట్టు. రెండు. హాల్లో దగ్గు కూడా లేదు.
పదో మెట్టు దగ్గర వెనక బెంచీలోంచి
ఫెలిస్మీనా, శ్రుతి తెలియని గొంతుతో, పాట అందుకుంది.
ఇంకో గొంతు. ఇంకోటి.
నాన్న సౌండు తగ్గించేశాడు.
తెర మీద ఆమె ఎక్కుతూనే ఉంది,
కింద మేం దించుతూనే ఉన్నాం.

పైన కిటికీ దగ్గర జరిగింది ఎవరూ చూడలేదు.
అందరి తలలూ ఫెలిస్మీనా వైపు తిరిగున్నాయి.
నేను చూశాను. తలుపు దగ్గర నిలబడ్డదాన్ని.

బయట వాల్దెమీరు అగ్గిపుల్ల అడిగి పుచ్చుకుని
"సినిమావాళ్ళు పొరబడ్డారు," అన్నాడు.
"మేడెక్కే మనిషి చెప్పులు ఎందుకు విప్పుతుంది?
చప్పుడు కాకుండా దిగిపోయేవాళ్ళే విప్పుతారు."

ఇప్పుడా సినిమా పేరు ఎవరికీ తెలీదు.
ఆ నటి పేరు నాకూ తెలీదు.
పాట మావాళ్ళతో రోటర్‌డామ్ దాకా వెళ్ళింది.
దారిలో ఒక చరణం రాలిపోయింది,
లాంతరు టార్చిలైటు అయింది.
డబ్బా నా మంచం కింద ఉంది.
మూత తీస్తే పులిసిన వాసన.
రీలు ముదురుపాకంలా ముద్దకట్టింది.

మొన్న మనవరాలు అడిగింది,
"నిజంగా ఆఖర్న ఏమైంది ఆమెకి?"
పొలుసులు గీకుతున్నాను.
"ఏమవుతుంది," అన్నాను,
"ఈ ఏడు చేపలు పిరిమయ్యాయి.
కాస్త బాగుపడి ఉంటుంది."